1060నా, 580నా? పాత గ్రాఫిక్స్ కార్డుల మీద మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా దగ్గర ఐ5-4570 సిస్టమ్, 8జీబీ ర్యామ్, 1080పీ మానిటర్ ఉన్నాయి. సెకండ్ హ్యాండ్‌లో రెండు కార్డులు దొరుకుతున్నాయి. ఒకటి జీటీఎక్స్ 1060 6జీబీ, రెండోది ఆర్‌ఎక్స్ 580 8జీబీ. అమ్మేవాళ్లిద్దరూ ఇంచుమించు ఒకే రేటు చెబుతున్నారు. స్పెసిఫికేషన్లు చూస్తే 580 అన్నింట్లోనూ పైనే ఉంది, ఫ్రెండ్స్ మాత్రం 1060 తీసుకోమంటున్నారు. ఆడేది ఎక్కువగా జీటీఏ 5, వాలరెంట్, అప్పుడప్పుడు కొత్త గేమ్స్. ఏది కొనమంటారు సార్?
- డిగ్రీ విద్యార్థి, కాకినాడ

జవాబు: మీ క్యాబినెట్‌లో ఉన్న ఎస్‌ఎంపీఎస్, అంటే సిస్టమ్‌కి కరెంటు అందించే పెట్టె, ఏదో మీరు రాయలేదు. ఏది కొనాలన్నది సగం దాని మీదే ఆధారపడి ఉంది, అక్కడికి వస్తాను. ముందు కాగితం మీది లెక్క చూద్దాం.

ఎన్‌విడియా వాళ్ల 1060 6జీబీ 2016 జులైలో వచ్చింది. ఏఎండీ వాళ్ల 580 వచ్చింది 2017 ఏప్రిల్‌లో, అదీ పూర్తిగా కొత్త చిప్పేమీ కాదు, అంతకు ముందు ఏడాది వచ్చిన ఆర్‌ఎక్స్ 480కే కొంచెం స్పీడు పెంచి కొత్త పేరుతో దింపారు. 1060లో 1280 కోర్లు, బూస్ట్ స్పీడు 1708 మెగాహెర్ట్జ్, మెమరీ బస్సు (మెమరీకి వెళ్లే దారి వెడల్పు) 192 బిట్లు, అంటే సెకనుకి 192 జీబీ డేటా అటూ ఇటూ తిరుగుతుంది. 580లో కోర్లు 2304, బూస్ట్ 1340 మెగాహెర్ట్జ్, బస్సు 256 బిట్లు, సెకనుకి 256 జీబీ. రెండింటి మెమరీ రకం జీడీడీఆర్5యే. మొత్తం కలిపి లెక్క కడితే 1060ది దాదాపు 4.4 టెరాఫ్లాప్స్ (సెకనుకి 4.4 లక్షల కోట్ల లెక్కలు), 580ది దాదాపు 6.2. అంటే 40 శాతం ఎక్కువ. మరి గేములో ఫ్రేములు కూడా 40 శాతం ఎక్కువ వస్తాయా అంటే, రావు. మీరూ మీ ఫ్రెండ్సూ వాదించుకుంటున్నది ఈ తేడా దగ్గరే.

టెరాఫ్లాప్స్ అనేది కోర్లన్నీ ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండకుండా పనిచేస్తే వచ్చే అంకె. గేములో అలా జరగదు. 580 లోపలి కోర్లు 64 లెక్కలను ఒక కట్టగా తీసుకుని నడుస్తాయి, ఆ కట్టలు తగినన్ని అందకపోతే సగం కోర్లు ఊరికే కూర్చుంటాయి. 1060లో కోర్లు తక్కువే అయినా స్పీడు ఎక్కువ, చాలా కార్డులు ఆటలో 1708 దాటి 1800, 1900 దాకా వాటంతట అవే వెళ్తాయి. పైగా చివర్లో పిక్సెల్‌ని తెర మీదికి రాసే భాగాలు దాంట్లో 48 ఉంటే 580లో 32 మాత్రమే. మెమరీలోకి పంపే డేటాని కుదించడంలో కూడా ఆ రోజుల్లో ఎన్‌విడియాదే పైచేయి. అందుకే 192 జీబీతో 256 జీబీ కార్డు పక్కన నిలబడగలిగింది.

ఇక గేము ఏ దారిలో కార్డుతో మాట్లాడుతుందన్నది ఇంకో సంగతి, డైరెక్ట్‌ఎక్స్, వల్కన్ అనేవి ఆ దారుల పేర్లు. డైరెక్ట్‌ఎక్స్ 11 గేముల్లో ఏఎండీ డ్రైవరు పనంతా ప్రాసెసర్‌లోని ఒకే కోరు మీద మోపేది, కార్డుకి పని అందేసరికి ఆలస్యమయ్యేది. జీటీఏ 5 పాత వెర్షన్ డైరెక్ట్‌ఎక్స్ 11 గేమే, అందుకే 1060 అక్కడ హాయిగా నడుస్తుంది. డైరెక్ట్‌ఎక్స్ 12, వల్కన్ గేముల్లో పరిస్థితి తిరగబడుతుంది. పని వేర్వేరు వరసల్లో ఒకేసారి వస్తుంది కాబట్టి 580లోని ఆ ఖాళీ కోర్లకి చేతినిండా పని దొరుకుతుంది. 2016లో వచ్చిన డూమ్ గేముని వల్కన్‌లో పెట్టినప్పుడు ఈ తేడా అందరికీ కళ్లకు కట్టింది. మీ 4570 లాంటి పాత ప్రాసెసర్ ఉన్నవాళ్లకి ఇందులో ఇంకో మెలిక ఉంది, డైరెక్ట్‌ఎక్స్ 12లో ప్రాసెసర్ మీద ఎక్కువ బరువు వేసేది ఎన్‌విడియా డ్రైవరే. అంటే పాత గేములకి 1060, కొత్తవాటికి 580 మీ సిస్టమ్‌కి కాస్త నప్పుతాయి.

మొత్తం మీద వచ్చినప్పుడు రెండూ సమానం అనిపించుకున్నాయి, 1060దే ఒక పిసరు పైచేయి. ఏళ్లు గడిచేకొద్దీ 580 ఐదు పది శాతం ముందుకు జరిగింది. కొత్త గేముల్లో టెక్స్చర్లు (వస్తువుల పైపూత బొమ్మలు) హై పెడితే 6జీబీ నిండిపోయి ఆట మధ్యలో గుక్క తిప్పుకోనట్టు ఆగి ఆగి నడుస్తుంది, 8జీబీ ఉన్న 580 అక్కడ గట్టెక్కుతుంది. వాలరెంట్‌కి మాత్రం ఈ చర్చంతా అనవసరం, ఏ కార్డు పెట్టినా మీ ప్రాసెసరే ముందు అలసిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. క్యాబినెట్ పక్క మూత తీసి ఎస్‌ఎంపీఎస్ మీద అంటించిన స్టిక్కర్ చదవండి. పెద్ద అక్షరాల్లో 450 వాట్లు అని ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి. కింద చిన్న పట్టికలో +12 వోల్టుల గడి ఉంటుంది, అందులో ఎన్ని ఆంపియర్లో చూడండి. క్యాబినెట్‌తో పాటు ఇచ్చే చవక సప్లైల్లో 18 ఆంపియర్లని ఉంటే, 12ని 18తో హెచ్చిస్తే 216 వాట్లు, అంతే దాని అసలు సత్తా. 580 ఒక్కటే 185 వాట్లు, అంటే 15 ఆంపియర్ల పైచిలుకు తాగుతుంది. మీ 4570 ఇంకో 84 వాట్లు, అది 7 ఆంపియర్లు. కలిపితే 22 దాటింది. బరువైన సీన్ వచ్చినప్పుడల్లా సిస్టమ్ టప్పున ఆఫ్ అవుతుంది, మీరేమో కార్డు పాడైందనుకుని అమ్మినవాడితో గొడవకి దిగుతారు. 1060 అయితే 120 వాట్లు, 10 ఆంపియర్లు, ప్రాసెసర్‌తో కలిపి 17. అదీ అంచు మీద నడకే గానీ నడుస్తుంది. మీ ఫ్రెండ్స్ 1060 అంటున్నది ఇది తెలిసే కావచ్చు.

580కి 8 పిన్‌ల కరెంటు వైరు కావాలి, కొన్ని మోడళ్లకి 8తో పాటు ఇంకో 6 పిన్‌లవి కూడా. 1060కి మామూలుగా ఒక్క 6 పిన్‌ల వైరు చాలు. మీ సప్లైలో 8 పిన్ లేకపోతే షాపువాళ్లు పాత హార్డ్ డిస్కు వైర్ల నుంచి తీసే కన్వర్టర్ ఒకటి చేతిలో పెడతారు. 580కి అది వద్దు. వైరు వేడెక్కి ప్లాస్టిక్ కరిగిన వాసన వచ్చేదాకా తెచ్చుకోకండి.

కాబట్టి పేరున్న 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఇప్పటికే ఉందా, 580 తీసుకోండి. లేదూ, దాన్ని ఇప్పట్లో మార్చే ఉద్దేశం లేదా, 1060. ఎస్‌ఎంపీఎస్ కూడా కొత్తది కొని 580 పెడతానంటే ఆ రెండు రేట్లూ కలిపి చూసుకోండి, ఆ డబ్బుకి ఇంతకంటే కొత్త తరం కార్డేదైనా వస్తుందేమో. ఇంకోటి, ర్యామ్ 8జీబీతో కొత్త గేమ్స్ అంటే కష్టం. ఏ కార్డు కొన్నా ముందు దాన్ని 16 చేయండి.

"కొత్త గేమ్స్" అన్నారు కాబట్టి చెబుతున్నాను, రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల దారిని లెక్కగట్టడం) హార్డ్‌వేర్ తప్పనిసరి అనే గేములు వస్తున్నాయి, 2025లో వచ్చిన డూమ్ ద డార్క్ ఏజెస్ అలాంటిదే. ఈ రెండు కార్డుల మీదా అవి మొదలే కావు. డ్రైవర్ల సంగతీ అంతే. 580 తరాన్ని ఏఎండీ 2023లోనే పక్కన పెట్టింది, అప్పటి నుంచి అవసరమైన రిపేర్లు మాత్రమే. 1060కి కొత్త గేముల డ్రైవర్లు 2025 అక్టోబరుతో అయిపోయాయి, సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం 2028 అక్టోబరు దాకా ఇస్తామని ఎన్‌విడియా చెప్పింది. ఎవరైనా "ఇంకో ఐదేళ్లు ఢోకా లేదు" అని రేటు పెంచితే ఈ మాట గుర్తు చేసి బేరమాడండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొత్త ఆర్‌ఎక్స్ 580 8జీబీ తెప్పించాను, సీల్డ్ బాక్సే. ఫ్రెండు దగ్గరున్న పాత 580 కంటే నాది అన్ని గేముల్లోనూ వెనకబడుతోంది. డ్రైవర్ రెండుసార్లు తీసేసి వేశాను. లోపం ఎక్కడ?
- వరంగల్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: డ్రైవర్‌ది తప్పు కాదు. బాక్సు పక్కన చిన్న అక్షరాల్లో "2048ఎస్‌పీ" అని ఉందేమో చూడండి. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం వేసి షేడర్స్ (అంటే కోర్లు) అన్న చోట 2304 ఉందా, 2048 ఉందా చూస్తే తేలిపోతుంది. 2018లో చైనా మార్కెట్ కోసం వదిలిన రకం అది, పేరు 580 అయినా లోపలున్నది నిజానికి ఆర్‌ఎక్స్ 570. పేరు గొప్ప ఊరు దిబ్బ. 580ని తయారుచేయడం ఎప్పుడో ఆపేశారు, ఇప్పుడు "కొత్తది" అని సీల్‌తో వస్తోందంటే ఆ చిప్ ఎక్కడి నుంచి వచ్చిందని కొనే ముందే అడగాలి.

వాపసు గడువు ఉంటే పంపేయండి. లేదంటే వాడుకోండి, 570 కూడా చెత్త కార్డేం కాదు, రేటు మాత్రం 570దే ఇచ్చి ఉండాల్సింది.

ప్రశ్న: 1060 3జీబీ చాలా తక్కువకి ఇస్తున్నారు. నేను ఆడేవి పాత గేమ్సే, మెమరీ తక్కువైనా పర్లేదు కదా?
- నిజామాబాద్

జవాబు: తక్కువైంది మెమరీ ఒక్కటే కాదు. 3జీబీ దాంట్లో కోర్లు కూడా 1280 బదులు 1152. పేరు ఒకటే పెట్టి రెండు వేర్వేరు కార్డులు అమ్మారన్నమాట, నన్నడిగితే అది కంపెనీ చేసిన పాడు పని. నిజంగా పాతవే, 2015 ముందువే ఆడతానంటే సరే, లేకపోతే వద్దు.

ప్రశ్న: సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి వాడిన కార్డు కొందామనుకుంటున్నాను. మైనింగ్‌లో వాడిందా లేదా ఎలా తెలుస్తుంది? నకిలీవి కూడా ఉన్నాయంటున్నారు, టెన్షన్‌గా ఉంది.
- సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: 580 అయితే మైనింగ్‌లో తిరిగిందే అనుకుని వెళ్లండి, మనశ్శాంతిగా ఉంటుంది. ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీని తవ్వడానికి (మైనింగ్ అంటే అదే) ఈ కార్డుకి ఉన్నంత గిరాకీ చాలా కొద్ది కార్డులకే ఉండేది. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం మైనింగే లేకుండా చేశాక అవన్నీ ఒక్కసారిగా సెకండ్ హ్యాండ్ మార్కెట్లో పడ్డాయి. 1060లూ వాడారు గానీ ఇంట్లో గేముల కోసం కొన్నవే ఎక్కువ. గేములు అమ్మే స్టీమ్ సైట్ సర్వేలో, 2022 నవంబరులో చేజారేదాకా, ఏళ్ల తరబడి మొదటి స్థానం దానిదే. మంచి 1060 దొరికే అవకాశం ఎక్కువ అనేది అందుకే.

మైనింగ్ చేసినంత మాత్రాన చిప్ చచ్చిపోదు. రాత్రీ పగలూ ఒకే వేడిలో నడిచింది కాబట్టి అరిగేవి ఫ్యాన్లు, ఎండిపోయేవి మెమరీ మీది థర్మల్ ప్యాడ్లు, చిప్ మీది పేస్టు. కార్డు చేతిలోకి తీసుకుని ఫ్యాన్‌ని వేలితో మెల్లగా తిప్పండి. గరగరమన్నా, అటూ ఇటూ ఊగినా బేరింగ్ పోయిందని అర్థం. ప్యాడ్ల దగ్గర నూనె కారి అట్టగట్టిన మరకలుంటే చాలాకాలం కాలిందన్నట్టు. స్క్రూల మీద స్క్రూడ్రైవర్ గాట్లుంటే ఎవరో విప్పారు, విప్పి పేస్టు మార్చి ఉంటే మంచిదే, అడగండి.

580కి ఇంకో ప్రత్యేకమైన పరీక్ష. మైనింగ్ వాళ్లు మెమరీ స్పీడు కోసం కార్డు బయాస్‌నే (కార్డు లోపలుండే మూల ప్రోగ్రాంని) మార్చేస్తారు. అలాంటిది మామూలు విండోస్‌లో పెడితే ఏఎండీ డ్రైవర్ లోడ్ కాదు, డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు వస్తుంది. కొన్ని మోడళ్ల అంచున రెండు బయాస్‌ల స్విచ్ ఉంటుంది, సిస్టమ్ ఆపి దాన్ని అటు జరిపి చూడండి, రెండోది అసలుదే ఉండొచ్చు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాం పెట్టుకుని పది నిమిషాలు ఏదైనా బరువైన టెస్ట్ నడిపిస్తే, ఏఎండీ కార్డులకి మెమరీ ఎర్రర్లు ఎన్ని వచ్చాయో దాంట్లో కనిపిస్తుంది. సున్నా ఉంటేనే డబ్బులివ్వండి. తెర మీద రంగు చుక్కలు, గళ్లు కనిపిస్తే ఇక మాట్లాడేదేం లేదు.

నకిలీల విషయానికొస్తే, 1060 పేరుతో పాత జీటీఎస్ 450, జీటీఎక్స్ 550 టీఐ లాంటివాటికి బయాస్ మార్చి అంటగట్టడం నిజమే. పట్టుకోవడం సులువు. కార్డు వెనక నీలం రంగు వీజీఏ పోర్టు ఉంటే అది 1060 కాదు, ఆ తరం చిప్‌లకి వీజీఏ అవుట్‌పుట్టే లేదు. జీపీయూ-జెడ్ కూడా 2018 నుంచి ఇలాంటివాటి పేరు ముందు ఫేక్ అని చూపిస్తోంది. సిస్టమ్‌లో పెట్టి చూపించమనండి, పెట్టనంటే పక్క షాపుకి వెళ్లండి, ఆ బిల్డింగులో షాపులకి కొదవా?

ప్రశ్న: పెళ్లి వీడియోల మిక్సింగ్ చేస్తాను. ఎడియస్ వాడతాను, ఈ మధ్యే ప్రీమియర్ నేర్చుకుంటున్నాను. 8జీబీ ఉన్న 580 అయితే రెండరింగ్ స్పీడు అవుతుందా?
- కరీంనగర్

జవాబు: మీకు 580 వద్దు. ఎడియస్‌కి హెచ్.264 ఫైళ్ల దగ్గర ఇంటెల్ ప్రాసెసర్‌లోని క్విక్ సింక్ అనే వీడియో భాగం ఎక్కువ ఉపయోగపడుతుంది, అక్కడ మీరు పెట్టే కార్డు తెచ్చే తేడా తక్కువే. ప్రీమియర్‌లో క్యూడా (ఎన్‌విడియా కార్డుతో లెక్కలు చేయించే వ్యవస్థ) ఉన్న 1060 మేలు. పైగా వీడియోని కుదించి ఫైలు చేసే హార్డ్‌వేర్ భాగం 1060లో మెరుగైనది. 580 తరం దాంట్లో హెచ్.264కి బీ-ఫ్రేములు (ముందూ వెనకా ఫ్రేముల్ని చూసి కుదించేవి) లేవు, ఒకే సైజు ఫైలు చేస్తే 580ది తలంబ్రాల సీన్ లాంటి కదలిక ఎక్కువున్న చోట ముద్దముద్దగా కనిపిస్తుంది. కస్టమర్ దగ్గర మాట పడేది మీరు.

త్రీడీ టైటిళ్ల కోసం బ్లెండర్ కూడా పట్టుకుంటారేమో, దాని సైకిల్స్ అనే రెండరింగ్‌లో 580కి స్థానమే లేదు. ఏఎండీ కార్డులు వాడుకునే ఓపెన్‌సీఎల్ పద్ధతిని బ్లెండర్ 3.0 నుంచి తీసేశారు, దాని బదులు తెచ్చిన కొత్త పద్ధతి 580 తరానికి పనిచేయదు. 1060 నెమ్మదిగానైనా చేసిపెడుతుంది.

ప్రశ్న: 580 పెట్టిన దగ్గర్నుంచి కరెంటు పోతే యూపీఎస్ కుయ్యిమని వెంటనే సిస్టమ్ ఆఫ్ అయిపోతోంది. అంతకు ముందు పది నిమిషాలు ఆగేది. బ్యాటరీ పోయిందా?
- నెల్లూరు

జవాబు: గేము ఆడుతుండగానే కదా? మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది దాదాపు 360 వాట్లు, అదీ బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు. కార్డు 185, ప్రాసెసర్, బోర్డు, మానిటర్, ఎస్‌ఎంపీఎస్‌లో వేడిగా పోయేది, అన్నీ కలిపితే ఆ అంకె దగ్గరికి వెళ్లిపోతారు. రెండేళ్లు దాటిన బ్యాటరీ అయితే ఆ బరువు మొయ్యలేక చేతులెత్తేస్తుంది. బ్రౌజర్ మాత్రమే తెరిచి ఉంచి ప్లగ్ తీసి చూడండి, అప్పుడు పది నిమిషాలు ఆగితే బ్యాటరీ బాగానే ఉంది, యూపీఎస్ చాలడం లేదంతే. 1000 వీఏది తీసుకోవాలి. లేదంటే ఏఎండీ సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్‌ని తగ్గించి, ఫ్రేములు 60కి కట్టేయండి, వాడకం బాగా దిగుతుంది, ఆటలో పెద్దగా తేడా తెలియదు.

కరెంటు బిల్లు గురించి ఇంకొందరు అడిగారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. 580కీ 1060కీ మధ్య 65 వాట్ల తేడా, రోజుకి నాలుగు గంటలు ఫుల్ లోడు మీద ఆడితే నెలకి దాదాపు ఎనిమిది యూనిట్లు. దాని కోసం కార్డు మార్చక్కర్లేదు, గదిలో వేడి గురించి అయితే ఆలోచించండి, మే నెలలో తెలుస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ కంప్యూటర్స్. ఏఐ నేర్చుకోవడానికి గ్రాఫిక్స్ కార్డు కావాలంటున్నాడు, పాత 1060 చాలంటున్నాడు. నిజంగా చదువుకేనా సార్, గేములకా?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: రెండింటికీ అండీ! అబద్ధమైతే కాదు. క్యూడా నేర్చుకోవడం మొదలుపెట్టడానికి 1060 పనికొస్తుంది. అయితే 2025లో వచ్చిన క్యూడా 13 ఈ తరం కార్డులని వదిలేసింది, మీ అబ్బాయి 12 వెర్షన్లతోనే సరిపెట్టుకోవాలి. పైటార్చ్ లాంటి ఏఐ సాఫ్ట్‌వేర్లు కూడా దానికి తగ్గ వెర్షన్ వెతికి వేసుకోవాలి. 6జీబీలో చిన్న మోడళ్లు నడుస్తాయి, పెద్దవాటికి చాలదు. గూగుల్ కోలాబ్ అనే ఆన్‌లైన్ సేవలో ఉచితంగా దొరికే జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) దీనికంటే బలమైనదే, ముందు దాంట్లో ఒక ప్రాజెక్టు చేసి చూపించమనండి. చేస్తే కార్డు కొనిపెట్టండి, అప్పుడు కూడా పాతది కాదు, కాస్త డబ్బు చేర్చి ఆర్‌టీఎక్స్ పేరున్నది చూడండి.

ప్రశ్న: 1060 కొన్నాను. నా మానిటర్‌కి వీజీఏ ఒక్కటే ఉంది. డీవీఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న పిన్ను పెడితే కార్డుకి ఎక్కడం లేదు.
- ఒంగోలు

జవాబు: బలవంతంగా ఎక్కించకండి, పిన్నులు వంగుతాయి. ఈ కార్డు మీద ఉన్నది డీవీఐ-డీ, అందులో అనలాగ్ సిగ్నల్ ఉండదు, ఆ చిన్న పిన్నుకి కావాల్సిన నాలుగు రంధ్రాలూ ఉండవు. 580దీ ఇదే కథ. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే, లోపల చిప్ ఉన్న కన్వర్టర్ అడగండి, మామూలు కంప్యూటర్ షాపుల్లోనే దొరుకుతుంది. మానిటర్ వైరుని పొరపాటున మదర్‌బోర్డు పోర్టుకి తగిలించి "కార్డు పనిచేయడం లేదు" అని రాసేవాళ్లూ ఉన్నారు, ఒకసారి అదీ చూసుకోండి.